వ్యాయామవిద్యయు శరీరశాస్త్రమును: చాందాసీమనుండి ఒక చారిత్రక పరిశీలనము

ప్రస్తావన

చాందాసీమకును తెలుగుబాసకును గల సంబంధము నిన్నమొన్నటిది కాదు. ప్రాణహితా గోదావరీ సంగమమునకు చేరువనున్న సిరోంచ ప్రాంతము 1874లో చాందా జిల్లాలో కలిసినది. కాజీపేట - బల్హార్షా రైలుమార్గము 1929లో పూర్తియైన పిదప తెలంగాణమునుండి ఈ సీమకు రాకపోకలు సుకరములైనవి. వర్ధాతీరపు బొగ్గుగనులును, 1945లో నెలకొన్న బల్లార్పూరు కాగితపు పరిశ్రమయు తెలుగు శ్రామికులకు జీవనాధారములైనవి. 1964లో చాందా చంద్రపురమైనది. 1982లో గడ్చిరోలీ జిల్లా ఏర్పడగా సిరోంచ అందు చేరినది. ఎల్లలు మారినను, కాయకష్టము చేసి బ్రదుకు తెలుగువారి చరిత్ర ఇచ్చట తెగిపోలేదు.

ఆ శ్రామికుల మనుమలు నేడు వ్యాయామశాలలలో బరువు లెత్తుచున్నారు. పోలీసు, సైనికోద్యోగములకై తెల్లవారుజామున మైదానములందు పరుగెత్తుచున్నారు. వారికి శిక్షణ నిచ్చువారును అనేకులు గలరు. వ్యాయామము నేర్పువాడు మానవదేహమునుగూర్చి ఎంత యెరిగి యుండవలెను? ఆ యెరుక లోకమునకు ఎట్లు లభించినది? అందు తెలుగువారి పాలెంత? ఈ మూడు ప్రశ్నలను చరిత్రదృష్టితో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ప్రాచీనుల దేహపరిశీలనము

శవపరిశీలనము చేయక దేహజ్ఞానము పూర్ణము కాదని సుశ్రుతసంహిత శాసించినది. శవమును గడ్డితో చుట్టి, పారు నీటిలో ఏడురాత్రు లుంచి, మెత్తబడిన పిమ్మట కుంచెవంటి సాధనముతో మెల్లగా రుద్దుచు పొరపొరగా చూడవలెనని అందు చెప్పబడినది. ఇట్లు చూచి లెక్కించినవి ఎముకలు 300, సంధులు 210, స్నాయువులు 900, పేశులు 500, కండరలు 16. నేటి శాస్త్రము ప్రకారము వయోజనుని ఎముకలు 206 మాత్రమే. ప్రాచీనులు దంతములను, మృదులాస్థులను గూడ ఎముకలలో చేర్చుటవలన ఆ సంఖ్య పెరిగినది. కావున ఈ భేదమునకు ముఖ్యకారణము అజ్ఞానము కాదు, వర్గీకరణమే.

వ్యాయామమునకు ప్రమాణము నిర్ణయించుటలో సుశ్రుతుని సూక్ష్మదృష్టి మరింత విస్పష్టము. మనుష్యుడు తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెనట. ఆ సగమును గుర్తించుట ఎట్లు? హృదయస్థానమందలి వాయువు నోటికి వచ్చుటయే గుర్తు. అనగా నోటితో ఊపిరి తీయవలసిన స్థితి. నేటి వ్యాయామశాస్త్రజ్ఞులును ఇట్టి గుర్తునే వాడుచున్నారు: వ్యాయామము చేయుచు సుఖముగా మాటలాడగలిగినచో శ్రమ మితము, మాట తెగుచున్నచో శ్రమ తీవ్రము. పరికరము లేని కాలమున శ్వాసనే పరికరముగా చేసికొన్న ఆ బుద్ధి శ్లాఘ్యము.

కాలక్రమమున శవపరిశీలనము మన దేశమున లుప్తమైనది. ఐరోపాలో వెసేలియసు 1543లో స్వహస్తముతో చేసిన పరిశీలనముల నాధారము చేసికొని గ్రంథము ప్రకటించి నూతనయుగమునకు నాంది పలికెను. భారతదేశమున 1836లో కలకత్తా వైద్యకళాశాలలో మధుసూదన గుప్తుడు శవచ్ఛేదము చేయుటతో ఆ విద్య తిరిగి తలయెత్తెను. నడిమి శతాబ్దములలో తాలీంఖానాలు కండబలమును నిలిపినవిగాని, చర్మముక్రింద నేమి జరుగుచున్నదో పరీక్షించు మార్గము వానికి లేకపోయినది. చేతివిద్య యొకవైపు, శాస్త్రవిద్య యొకవైపు విడిపోయినవి.

నామవివేకము

చంద్రపురమున నున్న తెలుగు శిక్షకునకు ఒక విశేషమైన చిక్కు గలదు. మరాఠీలో ‘స్నాయు’ అనగా కండ. తెలుగు పాఠ్యగ్రంథములలో ‘స్నాయుబంధనము’ అనగా కండను ఎముకకు కట్టియుంచు నారవంటి త్రాడు. వంగభాషలో అదే పదమునకు నాడి యని అర్థము. సంస్కృతవైద్యమున ‘కండర’ యనగా పెద్ద బంధనము. మనము ‘కండరము’ అనుచున్నది మాంసపేశిని. ఒకే పదము ప్రాంతమునుబట్టి వేర్వేరు వస్తువులను చెప్పుచున్నది.

ఇది నిఘంటుకారుల వివాదము మాత్రమే యనుకొనరాదు. కండకు నెత్తురు సమృద్ధిగా ప్రసరించును; గాయపడినచో త్వరగా మానును; శిక్షణకు కొన్ని వారములలోనే స్పందించి బలియును. బంధనమునకు నెత్తురు తక్కువ. అది బలియుటకు నెలలు పట్టును, గాయము మానుటకును అట్లే. కావున క్రొత్తగా వచ్చిన యువకుని కండ బలిసినదని బరువు హఠాత్తుగా పెంచినచో, ఇంకను సిద్ధపడని బంధనము దెబ్బతినును. మరాఠీ బాలుడు స్నాయువు నొచ్చుచున్నదనగా, తెలుగు పుస్తకము చదివిన శిక్షకుడు మడమపై త్రాటిని తలచినచో చికిత్సయు విశ్రాంతికాలమును తారుమారగును. వ్రేలితో నొప్పిచోటు చూపించుకొని, అది కండనడుమనా, ఎముకను అంటుకొనుచోటనా అని విచారించుట శిక్షకుని మొదటి ధర్మము.

మల్లవిద్యనుండి పాఠశాలకు

ఇరువదవ శతాబ్దారంభమున విడిపోయిన రెండు విద్యలును మరల దగ్గరకు రాసాగెను. ఆంధ్రదేశమున ఆ సంధికాలమునకు ప్రతినిధి కోడి రామమూర్తి నాయుడుగారు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పెరిగి, సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, కొంతకాలము విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, పిదప సర్కసు స్థాపించి, ఏనుగును రొమ్ముపై నిలుపుకొనుట, ఉక్కుగొలుసులను త్రెంచుట మొదలగు ప్రదర్శనములచే దేశవిదేశములలో ఖ్యాతి గడించి, 1942లో కీర్తిశేషులైరి. బలిమి ప్రదర్శనమే కాదు, నేర్పదగిన విద్యయు ననుటకు ఉపాధ్యాయపదవినుండి బయలుదేరిన వారి జీవితము నిదర్శనము.

ఊపిరి బిగబట్టి బరువు నెత్తుట ఇట్టి విద్యలకు మూలము. నేటి శాస్త్రము దీని మర్మమును చెప్పగలదు: ఊపిరి బిగించినపుడు రొమ్ములోను ఉదరములోను ఒత్తిడి పెరిగి వెన్నెముకకు ఊతమగును, కాని అదే సమయమున రక్తపుపోటు మిక్కిలి హెచ్చును. ఆరితేరిన మల్లునకు సాధనమైనది రక్తపుపోటుగల నడివయస్కునకు ప్రాణాపాయము కావచ్చును.

మన విదర్భమునందే 1914లో అమరావతిలో హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి స్థాపితమై, 1936లో బెర్లిను ఒలింపిక్సు సందర్భమున దేశీయవ్యాయామములను ప్రపంచమునకు చూపినది. 1920లో హెచ్. సి. బక్ మద్రాసులో వై. ఎం. సి. ఏ. వ్యాయామకళాశాలను నెలకొల్పెను. 1924లో స్వామి కువలయానందులు లోనావ్లాలో కైవల్యధామమును స్థాపించి, యోగాభ్యాసముల ఫలితములను ప్రయోగశాలలో పరీక్షింప మొదలిడిరి. చేసిచూపుటతో తృప్తిపడక కొలిచిచూపవలెనను భావము ఈ దశాబ్దములలో పుట్టినది.

కండరశక్తి రహస్యము: తెలుగువాని పాలు

కండ సంకోచించుటకు శక్తి యెక్కడిది? 1907లో ఇంగ్లండున ఫ్లెచరు, హాప్కిన్సు అను పండితులు అలసిన కప్పకండలో లాక్టికామ్లము పెరుగుననియు, ప్రాణవాయువు లభించినచో తగ్గుననియు చూపిరి. హిల్, మయర్‌హాఫ్ అనువారు కండపరిశోధనములకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము పొందిరి. ఆ యామ్లమే కండను కదలించు యంత్రమని నాటి పండితుల విశ్వాసము.

ఈ విశ్వాసమును కదలించిన వారిలో భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదకళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించి, పిదప అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధించిరి. దేహభాగముల నామములు బోధించిన యుపాధ్యాయుడే ఆ భాగముల వ్యాపారరహస్యమును శోధించుట గమనింపదగినది.

1925లో వారిరువురును భాస్వరమును కొలుచు పద్ధతి యొకటి ప్రకటించిరి. ద్రావణమునకు నీలివర్ణము కల్పించి, ఆ నీలిమ గాఢతనుబట్టి భాస్వరపు పరిమాణము నిర్ణయించుట ఆ పద్ధతి. కండరసమును పరీక్షించునపుడు ఒక వింత గోచరించినది: నీలివర్ణము వెంటనే రాక క్రమక్రమముగా చిక్కబడుచుండెను. ఆ జాగును ఉపేక్షింపక వారు కారణము వెదకిరి. కండలో సులభముగా విచ్ఛిన్నమగు ఒక భాస్వరపదార్థము గలదనియు, పరీక్షాద్రావణమున అది విడిపోవుచున్నకొలది వర్ణము హెచ్చుచున్నదనియు తేలినది. అదియే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ విషయము ప్రకటితమైనది. అదే సంవత్సరమున ఇంగ్లండున ఎగుల్‌టన్ దంపతులును స్వతంత్రముగా ఈ పదార్థమునే గుర్తించిరి. కండ పనిచేసినపుడు ఇది తరుగుననియు, విశ్రాంతిలో మరల నిండుననియు ఫిస్కే సుబ్బారావులు చూపిరి. 1929లో వారును, జర్మనీలో లోమన్‌ను వేర్వేరుగా ఏ. టి. పి. అను పదార్థమును వేరుచేసిరి. 1930లో లుండ్స్‌గార్డు అనునతడు లాక్టికామ్లము పుట్టకుండ జేసినను కండ సంకోచించుననియు, అప్పుడు ఫాస్ఫోక్రియాటినే ఖర్చగుననియు నిరూపించుటతో పాత సిద్ధాంతము కూలినది.

ఈ చరిత్ర మైదానమందలి శిక్షకునకు నేరుగా పనికివచ్చును. కండలో సిద్ధముగా నుండు ఏ. టి. పి. తీవ్రశ్రమలో కొలది క్షణములకే చాలును. దానిని తక్షణము పూరించు ఫాస్ఫోక్రియాటిన్ సుమారు పది సెకండ్లలో చాలభాగము ఖర్చగును. తిరిగి నిండుటకు మూడునుండి అయిదు నిమిషములు పట్టును. ఆపైన ప్రాణవాయువు లేకయే పిండిపదార్థమును లాక్టికామ్లముగా మార్చు మార్గమును, తుదకు ప్రాణవాయువుతో దహించు మార్గమును ప్రధానములగును. మహారాష్ట్ర పోలీసు నియామకములలో ఇటీవలి సంవత్సరములయందు పురుషులకు 100 మీటర్ల పరుగును, 1600 మీటర్ల పరుగును పెట్టుచున్నారు. మొదటిది ముఖ్యముగా ఫాస్ఫోక్రియాటిన్ పరీక్ష. రెండవది గుండె, ఊపిరితిత్తుల పరీక్ష. 100 మీటర్ల పరుగును అర్ధనిమిష విశ్రాంతితో పదిమారులు చేయించు శిక్షకుడు వేగము నేర్పుచున్నాననుకొనును; వాస్తవమునకు సగము నిండిన కోశముతో బాలుని పరుగెత్తించుచున్నాడు.

ఎండయు నెత్తమును

హార్వర్డునందే 1927లో అలసటను పరిశోధించుటకై ప్రత్యేకశాల యొకటి ఏర్పడి 1947 వరకు పనిచేసినది. అందలి డిల్ ప్రభృతులు 1932లో హూవరు ఆనకట్ట కట్టుచున్న కూలీలను ఎడారియెండలో పరీక్షించిరి. ఎండకు అలవాటుపడినవాని చెమటలో ఉప్పు తక్కువగా నుండునని అట్టి పరిశోధనములవలన తేలినది. కండ వెచ్చించు శక్తిలో నాలుగవవంతు మాత్రమే పనిగా మారును. తక్కినది వేడి యగును. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకెలోరీల వేడి తొలగును. ఆవిరి కాక కారిపోయిన చెమట దేహమును చల్లార్చదు.

వేసవిలో 45 డిగ్రీలు దాటు చంద్రపురమున ఈ జ్ఞానము అలంకారము కాదు. ఎండకు దేహము అలవాటుపడుటకు పది పదునాలుగు దినములు క్రమముగా శ్రమ పెంచవలెను. పరుగెత్తుచున్న బాలుడు తడబడుచు అసంబద్ధముగా మాటలాడినచో అది సోమరితనము కాదు, వడదెబ్బకు సూచన. మందలించుట మాని వెంటనే దేహమును నీటితో చల్లార్చి వైద్యునికడకు చేర్పవలెను. ఆలస్యము ప్రాణహాని.

శీతలోన్నతస్థలమునను ఇట్టి నియమమే. 2014లో తెలంగాణపు బాలిక మాలావత్ పూర్ణ భువనగిరి శిలపై అభ్యాసము చేసి పదమూడేండ్లకే ఎవరెస్టు నెక్కినది. 2018 మేలో చంద్రపుర జిల్లా ఆశ్రమపాఠశాలల గిరిజన విద్యార్థు లయిదుగురు ఆ శిఖరమును చేరిరి. అచ్చటి వాయుపీడనము సముద్రతీరపు పీడనములో మూడవవంతు మాత్రము. దేహమునకు కాలమిచ్చి అలవాటు చేయనిదే అట్టి యారోహణము దుర్లభము.

ఉపసంహారము

పై విచారణవలన మూడు విషయములు సిద్ధించుచున్నవి. ప్రాచీనులు చూచిరి, లెక్కించిరి, నడిమి కాలపువారు చేసిచూపిరి, నవీనులు కొలిచిరి. ఈ మూడును ఒకచోట చేరినపుడే వ్యాయామవిద్య పరిపూర్ణమగును. సుబ్బారావుగారి గొప్పతనము ఒక చిన్న జాగును లక్ష్యపెట్టుటలో నున్నది. శిష్యుని శ్వాసలోని మార్పును, నడకలోని కుంటును, చెమటలోని తేడాను అట్లే లక్ష్యపెట్టువాడు ఉత్తమశిక్షకుడు.

చంద్రపురమున 2015నుండి ప్రభుత్వ వైద్యకళాశాల గలదు. వ్యాయామశాలలు వీధివీధిన గలవు. ఈ రెంటికిని నడుమ మన సంఘములు వారధులై, వైద్యులచే శిక్షకులకు తెలుగు మరాఠీలు రెంటను శరీరశాస్త్రోపన్యాసము లిప్పించుటయు, ఉభయభాషలలోని దేహభాగనామములను ప్రక్కప్రక్కన చూపు చిన్నపట్టిక యొకటి ముద్రించి ప్రతి వ్యాయామశాలకు పంచుటయు చేయదగిన కార్యములు. వ్యయ మల్పము. ఫలము మన బిడ్డల కీళ్లును, గుండెలును, ప్రాణములును.