క్రోసెడు దూరములేని విమానయానము

స్కాట్లండునకు ఉత్తరముగా ఆర్క్నీ దీవులున్నవి. వానిలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అను రెండు దీవులకు చెరియొక చిన్న విమానాశ్రయము కలదు. వాని నడుమ ఆకాశమార్గము 1.7 మైళ్లు, అనగా 2.7 కిలోమీటర్లు, మన పెద్దలు చెప్పు క్రోసెడైనను లేదు. కాలపట్టికలో దీనికి రెండు నిమిషములు వ్రాసియుందురు. గాలి అనుకూలించినచో ఇంకను ముందే దిగవచ్చును. ఒకమారు 53 సెకండ్లలోనే దాటిరి. నియతముగా నడచు విమానయానములలో ప్రపంచమున ఇంతకంటె చిన్నది లేదు.

ఇంత కొంచెపు దూరమునకు విమానమేల యని శ్రోతలకు తోచకపోదు. మాకును మొదట అట్లే తోచినది. అయితే ఆ దీవుల చరిత్ర చూచినవారికి ఇది వేడుకగా కనబడదు.

1933 మే నెలలో కెప్టెన్ ఫ్రెసన్ అను వైమానికుడు ఇన్వర్నెస్ నుండి ఆర్క్నీ ముఖ్యపట్టణమగు కర్క్‌వాల్‌నకు విమానములు నడపనారంభించెను. ఆ సముద్రము మిక్కిలి కరకైనది. పడవ ప్రయాణమనగా వాంతులతో కూడిన వ్రతము. మరుసటి యేడు మే నెలలో మామూలు తపాలా ఖర్చుతోనే ఉత్తరములు ఆ విమానములలో పోసాగినవి. చిన్న దీవులలో రైతుల పొలములే ఆనాటి విమానాశ్రయములు.

ఆ 1933 మే నెలలోనే, పడమటి తీరమందలి ఐలా దీవిలో ఒక జాలరి ప్రాణాపాయస్థితిలో నుండగా విమానముమీద గ్లాస్గో ఆసుపత్రికి చేర్చిరి. స్కాట్లండున రోగిని విమానముపై కొనిపోవుట అదియే ప్రథమము. నాటినుండి దీవులవారికి విమానమనిన విలాసము కాదు, వైద్యుడు.

వెస్ట్రే, పాపా వెస్ట్రేల నడుమ 1967లో లోగనెయిర్ సంస్థ ఈ యానమును ప్రారంభించినది. వాడు విమానము పేరు ఐలండర్, అనగా ద్వీపవాసి. వైట్ అను మరియొక దీవిలో పుట్టినది. రెండు యంత్రములు, చిన్న మైదానమునను దిగగల నేర్పు దాని సొత్తు. చోటు చాలనప్పుడు ప్రయాణికుడు చోదకుని ప్రక్కనే కూర్చుండును.

నిజమునకు ఈ రెండు నిమిషముల యానము కర్క్‌వాల్ ప్రయాణములో ఒక మజిలీ మాత్రమే. పాపా వెస్ట్రేలో నూరుగురు జనమైనను లేరు. వారికై వేరొక విమానము నడపుట పొసగదు. కావున ఒకే విమానము రెండు దీవులను తాకి పోవును. కర్క్‌వాల్‌లో ఆసుపత్రి, అంగళ్లు, కచేరీలు కలవు. అచటికి ఆకాశమున పావుగంట ప్రయాణము. ఉపాధ్యాయులు, వైద్యులు, రోగులు దీనినే నమ్ముకొనియుందురు. పాపా వెస్ట్రేలో అయిదువేల యేండ్లకు పైబడిన రాతి యిండ్లను చూడవచ్చు యాత్రికులును కలరు. వీరికి ఆ చిన్న యానము జ్ఞాపకార్థముగా ఒక పత్రమిచ్చెదరు.

దట్టముగా మంచు క్రమ్మిననాడు విమానము లేవదు. అప్పుడు రెండు దీవుల నడుమ పడవయే గతి. దానికి ఇంచుమించు 25 నిమిషములు పట్టును, అదియు సముద్రుడు అనుమతించినచో.