అమ్మకానికి తీసిన పారిస్

ఫొటోగ్రఫీని కళగా సాధన చేయాలనుకునేవారికి తరచూ ఎదురయ్యే సలహా ఒకటుంది. నీలోకి నువ్వు చూసుకో, ఎవరి పురమాయింపు మీదా తీయకు, నీకేం కావాలో తేల్చుకున్నాకే కెమెరా పట్టు అని. చెప్పేవాళ్లు మనస్ఫూర్తిగానే చెబుతారు. కానీ ఫొటోగ్రఫీ చరిత్ర దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు. అచ్చంగా తనదైన చూపున్న ఫొటోగ్రాఫర్లెవరని లెక్కపెడితే ఫ్రాన్స్‌కు చెందిన యూజెన్ అట్జే పేరు మొదటి వరుసలో ఉంటుంది. ముప్ఫై ఏళ్లు పారిస్ వీధుల్లో తిరిగి ఆయన తీసిన వేలాది ఫొటోల్లో అత్యధిక భాగం అమ్మకానికి తీసినవే. తలుపు మీద కట్టుకున్న బోర్డులో కూడా తాను కళాకారుణ్ణని రాసుకోలేదు. కళాకారులకు పనికొచ్చే నమూనా ఫొటోలు ఇక్కడ దొరుకుతాయని రాసుకున్నాడు. అలాంటి మనిషి పనిలో అంత సొంతదనం ఎలా వచ్చిందో చూస్తే నాకు ఒకటే సమాధానం కనిపిస్తోంది. స్ఫూర్తి పనికన్నా ముందే మనిషిలో సిద్ధంగా ఉండే సరుకు కాదు. ఒక చోటికీ ఒక పనికీ ఏళ్ల తరబడి కట్టుబడి ఉంటే, కొనేవాడి అవసరం తీరిపోయాక కూడా ఆ పని ఆగకపోతే, అప్పుడు పుడుతుంది.

అట్జే 1857లో బోర్డో నగరం దగ్గరి లిబూర్న్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. కొంతకాలం ఓడల్లో పనిచేశాడు. 1879లో పారిస్ నాటక విద్యాలయంలో చేరాడు గానీ సైనిక సేవ మధ్యలో అడ్డుపడి చదువు పూర్తికాలేదు. ఊరూరా తిరిగే నాటక బృందంలో వేషాలు వేశాడు. గొంతు జబ్బు ఆ బతుకుతెరువునూ మూసేసింది. చిత్రలేఖనం ప్రయత్నించి, చివరికి 1890 ప్రాంతానికి కెమెరా దగ్గర ఆగాడు. అంటే ఫొటోగ్రఫీ ఆయనకు చిన్ననాటి కల కాదు, మిగిలిన దారి. 1892 నాటి ఆయన ప్రకటన చూస్తే ప్రకృతి దృశ్యాలు, జంతువులు, పూలు, కట్టడాలు, చిత్రకారులు తమ బొమ్మల ముందుభాగంలో వేసుకోదగ్గ మొక్కలు అని సరుకుల పట్టీలా ఉంటుంది.

1897 తర్వాత ఆ పట్టీకి ఒక కేంద్రం ఏర్పడింది. 1853 నుంచి 1870 దాకా నగర పాలనాధికారి ఓస్మాన్ చేతిమీదుగా పారిస్‌లో పాత పేటలు కూలి పెద్ద రహదారులు వచ్చాయి. ఆ కూల్చివేతలకు ముందు వీధులను ఫొటో తీయడానికి నగరపాలక సంస్థే షార్ల్ మార్విల్‌ను నియమించింది. అట్జేకు అలాంటి పదవి ఎప్పుడూ రాలేదు. 1897 చివర్లో పాత పారిస్ పరిరక్షణకు నగరం ఒక సంఘం ఏర్పాటు చేసింది. పాత ఇళ్ల మీద, వీధుల మీద జనంలో మమకారం పెరిగింది, ఫొటోలకు గిరాకీ వచ్చింది. కార్నవాలే మ్యూజియం, నగర చరిత్ర గ్రంథాలయం, జాతీయ గ్రంథాలయం, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆయన దగ్గర కొన్నాయి. వాస్తుశిల్పులకు మెట్ల కటకటాలు, ఇనుప పనివాళ్లకు తలుపు గుబ్బలు, రంగస్థల అలంకరణ చేసేవాళ్లకు పాత దుకాణాల ముంగిళ్లు కావాలి. ఎవరికి ఏది కావాలో అది తీసి, నంబరు వేసి, ఆల్బమ్‌లో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి చూపించేవాడు.

ఈ గిరాకీ ఆయన చూపును పాడుచేయలేదు సరికదా, దానికి బడి అయింది. 18 సెంటీమీటర్లకు 24 సెంటీమీటర్ల గాజు పలకలు, పెద్ద చెక్క కెమెరా, ముక్కాలి స్టాండు మోసుకుని తెల్లవారుజామునే బయల్దేరేవాడు. బండ్లూ జనమూ అడ్డురాకముందే పని కావాలి. అందుకే ఆయన వీధులు అంత ఖాళీగా ఉంటాయి. నాటకాల వాడి కన్ను కదా, తెర లేచాక పాత్రలు ఇంకా రాని రంగస్థలంలా ఆ వీధిని నిలబెట్టగలిగాడు. ఎత్తయిన భవనం పైకప్పు కూడా పట్టాలని లెన్స్‌ను పైకి జరిపితే కొన్ని పలకల్లో పై మూలలు నల్లగా వచ్చేవి. కొనేవాడికి కావలసింది గుమ్మం కాబట్టి ఆ నలుపును అలాగే వదిలేశాడు. వీధుల్లో తిరిగి సరుకులమ్మేవాళ్లను, చిత్తుకాగితాలేరుకునేవాళ్లను, నగర శివార్ల గుడిసెల్లో బతికేవాళ్లను తీసినప్పుడూ ఇదే పద్ధతి, తలుపు గుబ్బకు ఇచ్చిన శ్రద్ధే మనిషికీ.

అదే పారిస్‌లో, అదే కాలంలో, కళ కోసమే ఫొటోలు తీసినవాళ్లూ ఉన్నారు. 1888లో ఏర్పడిన పారిస్ ఫొటో క్లబ్ 1894 నుంచి కళా ప్రదర్శనలు నడిపింది. అందులో ముఖ్యుడు రొబేర్ దెమాషీ బ్యాంకర్ల కుటుంబంలో పుట్టినవాడు, సంపాదన చింత లేనివాడు. జిగురూ రంగూ కలిపిన పద్ధతిలో బ్రష్‌తో సవరిస్తూ, ఫొటోను చేత్తో గీసిన బొమ్మలా తీర్చేవాడు. ఆ చేతిపని నిజంగా గొప్పది. కానీ ఆయన బ్యాలే నర్తకుల్ని చూస్తే ముందు గుర్తొచ్చేది చిత్రకారుడు దెగా. పూర్తి స్వేచ్ఛతో తన వ్యక్తిత్వం కోసం వెతికినవాడు అప్పటికే మెప్పు పొందిన మరొకరి బొమ్మల దగ్గరికి చేరాడు. 1914లో ఫొటోగ్రఫీనే మానేశాడు. స్వేచ్ఛ తప్పని నేననడం లేదు. ఎదురుగా గట్టి వస్తువేదీ లేకుండా తనలోకి తాను చూసుకుంటే, అక్కడ ముందుగా కనిపించేది అంతకుముందు ఎక్కడో చూసి మెచ్చుకున్నదే అంటున్నాను.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. 1982లో అమెరికన్ విమర్శకురాలు రోజలిండ్ క్రౌస్, అట్జే పనిని ఒక కళాకారుడి కృతిగా చూడడమే పొరపాటని వాదించింది. ఆయన నంబర్లు గ్రంథాలయాల విషయసూచిక పద్ధతిని అనుసరించినవని, ఏది తీయాలో నిర్ణయించింది మనిషి కాదు ఆ సూచికేనని ఆమె మాట. ఇందులో చాలా భాగం నిజం. వస్తువును సూచికే ఎంచిందనుకుందాం. ఎక్కడ నిలబడాలో, ఏ వెలుతురుకు ఆగాలో అది చెప్పలేదు. పైగా అట్జే ఆ సూచికతో తన ఆట తాను ఆడాడు. 1910లో కూర్చిన పారిస్ ఇళ్ల లోపలి దృశ్యాల ఆల్బమ్‌లో తన సొంత గదులనే, పేరు చెప్పకుండా, ఒక నాటక కళాకారుడి ఇల్లంటూ చేర్చాడు. పుస్తకాలు నిండిన ఆ గదిని జాతీయ గ్రంథాలయం ఒక సామాజిక వర్గానికి నమూనాగా కొనుక్కుంది. తనను తాను చూపించుకోవడానికి సూచికను దాటి వెళ్లనక్కర్లేదని ఇంతకన్నా ఎలా చెప్పాలి?

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం 1920 తర్వాతిది. ఆ ఏడాది 2,621 నెగటివ్‌లను ప్రభుత్వానికి 10,000 ఫ్రాంకులకు అమ్మాడు. అధికారికి రాసిన ఉత్తరంలో పాత పారిస్ అంతా తన దగ్గరుందని చెప్పుకున్నాడు. అరవై మూడేళ్ల వయసు, చేతిలో డబ్బు, పూర్తయిందనిపించే పని. ఆగిపోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. కానీ ఆయన వెర్సాయ్‌కి, సేన్ క్లూ ఉద్యానానికి మళ్లీ మళ్లీ వెళ్లాడు. అంతకుముందే తీసిన కొలనుల్నీ విగ్రహాల్నీ చెట్ల వేళ్లనూ మరో రుతువులో, మరో వెలుతురులో తీశాడు. 1925 మార్చి నుంచి జూన్ దాకా, పాడుబడి మరమ్మతుకు ఎదురుచూస్తున్న సో ఉద్యానంలో 66 ఫొటోలు తీశాడు. కొన్నిటిమీద నెలతో పాటు ఉదయం ఎన్ని గంటలో కూడా రాసిపెట్టాడు. విగ్రహం ఆనవాలు కోసం కొనేవాడికి ఉదయం ఏడైతేనేం, ఎనిమిదైతేనేం? ఆ గంట తీసినవాడికే కావాలి. అది ఏ సంస్థా పురమాయించిన పని కాదు. అయినా ముప్ఫై ఏళ్ల పురమాయింపుల క్రమశిక్షణ లేకుండా ఆ ఫొటోలు వచ్చేవనీ నేననుకోను.

మరొక ఆక్షేపణ కూడా ఉంది. ఆయన్ని కళాకారుణ్ణి చేసింది ఇతరులే కదా అని. అట్జే ఉండే వీధిలోనే ఉన్న సర్రియలిస్టు కళాకారుడు మాన్ రే ఆయన ఫొటోలు కొన్నాడు. 1926లో సర్రియలిస్టుల పత్రిక ముఖచిత్రంగా, 1912 నాటి గ్రహణాన్ని చూస్తున్న జనం ఫొటో వేసింది. తన పేరు వేయొద్దని అట్జే కోరాడు. సర్రియలిస్టులకు నచ్చిన దుకాణాల అద్దాల్లో బొమ్మలూ ఎదురు వీధి ప్రతిబింబాలూ కలిసిపోయి ఉంటాయి. అవి అనుకోకుండా పడినవేనంటారు. ఒక ఫొటోలో అయితే ఒప్పుకోవచ్చు. ముప్ఫై ఏళ్ల అనుభవమున్నవాడు 1925లో గోబెలాఁ వీధి దుకాణాల్లో అదే ప్రతిబింబాన్ని మళ్లీ మళ్లీ రానిచ్చాడంటే దాన్ని కోరుకున్నాడనే అర్థం. సర్రియలిస్టులు దానికి తమ పేరు పెట్టుకున్నారు, ఆయన తన పేరే వద్దన్నాడు. రెండు పక్షాలూ చూసింది మాత్రం ఒకే ఫొటోను.

అట్జే 1927 ఆగస్టులో చనిపోయాడు. మాన్ రే దగ్గర సహాయకురాలిగా పనిచేసిన అమెరికన్ యువతి బెరెనిస్ ఆబట్ మరుసటి ఏడాది ఆయన దగ్గర మిగిలిన నెగటివ్‌లనూ ప్రింట్లనూ కొని కాపాడింది. 1968లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆ సంపదను తీసుకునేదాకా నలభై ఏళ్లు ఆమే మోసింది. ఆయన నుంచి ఆమె నేర్చుకున్నదేమిటో ఆమె పనే చెబుతుంది. పారిస్‌లో ఆమెకు పోర్ట్రెయిట్ స్టూడియో ఉండేది, పేరున్న రచయితలూ కళాకారులూ వచ్చి ఫొటోలు తీయించుకునేవారు. 1929లో న్యూయార్క్ వెళ్లి, అక్కడ పాత ఇళ్లను మింగేస్తూ లేస్తున్న ఆకాశహర్మ్యాల్ని చూసి, ఆ స్టూడియోను వదిలేసింది. ఆయన ఖాళీ సందుల్ని అనుకరించలేదు. పెద్ద కెమెరా పట్టుకుని వంతెనలు, ఇనుప సామాన్ల దుకాణాలు, వీధి మీదుగా పోయే రైలు మార్గాలు తీసింది. 1935 నుంచి ప్రభుత్వ ఉపాధి పథకం కింద జీతానికి చేసిన ఆ పనే 1939లో 'మారుతున్న న్యూయార్క్' అనే పుస్తకమైంది.