చరిత్రలో మంచుతెర : కార్యకారణ విచారము

మంచునకు సంస్కృతమున పర్యాయపదములు పెక్కులు. నీహారము, తుషారము, తుహినము, ప్రాలేయము, మిహిక మున్నగువానిని అమరసింహుడు ఒక్కచోటనే చేర్చినాడు. తెలుగున ‘మంచు’ అను ఒక్క మాటయే గడ్డిపరకపై నిలిచిన బిందువునకును, కొండశిఖరమున పేరుకొన్న హిమమునకును, తెల్లవారుజామున దారిని మూసివేయు తెరకును చెల్లుచున్నది. ఈ మూడవ యర్థమును వేరుపరచుటకు మనవారు ‘పొగమంచు’ అనిరి. ఇందలి పొగ ఉపమానము మాత్రమే. పొగవలె కనబడు మంచు అని భావము. ఈ మంచు కథలయందును, చలనచిత్రములయందును, చరిత్రయందును నిర్వహించిన పాత్రను కొన్ని యుదాహరణములతో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. మంచు ఏ వస్తువును దాచినదను ప్రశ్నకంటె, దాని చాటున ఎవరి బాధ్యత మఱుగుపడినదను ప్రశ్నయే చరిత్రకారునకు ముఖ్యమని నా యభిప్రాయము.

మన వాఙ్మయమున మంచుతెరకు ప్రసిద్ధమైన యుదాహరణము భారతమున ఆదిపర్వముననే కలదు. యమునపై పడవ నడుపుచున్న సత్యవతిని పరాశరుడు కామించుటయు, పరులు చూతురని యామె సంకోచించుటయు, ముని తన మహిమచే నీహారమును కల్పించుటయు, ద్వీపమున వ్యాసుడు జనించుటయు నన్నయభట్టారకుని భారతము చదివినవారందఱు నెఱిగినదే. ఆ మంచును కల్పించినవాడెవడో, ఏల కల్పించెనో కథ దాచలేదు. విచిత్రవీర్యుడు సంతానము లేక మరణింపగా, వంశము నిలుపవలసిన వేళ సత్యవతియే ఆ వృత్తాంతమును భీష్మునకు తెలిపినది. పరుల కన్నులను మూసిన మంచు ఇతిహాసపు కన్నులను మూయలేదు. ఆ ఇతిహాసకర్తయే ఆ మంచునీడ పుట్టినవాడగుట విశేషము.

లౌకిక చరిత్రలోని మంచు సాధారణముగా నెవరును కల్పించినది కాదు. అయినను దానికొక కర్తను వెదకుట మానవస్వభావము. ఇందుకు 1471 ఏప్రిల్ 14వ తేదీన లండనుకు ఉత్తరమున జరిగిన బార్నెట్ యుద్ధము మంచి నిదర్శనము. ఇంగ్లండు సింహాసనమునకై యార్కు, లాంకాస్టరు వంశములు పోరాడుచున్న కాలమది. యార్కు వంశీయుడగు నాల్గవ ఎడ్వర్డు రాత్రి చీకటిలోనే శత్రువులకు మిక్కిలి చేరువగా సేనను నిలిపెను. తెల్లవాఱునప్పటికి దట్టమైన మంచు క్రమ్ముకొన్నది. ఇరుసేనలు ఎదురెదురుగా సరిగా నిలువకుండుటచే, ఒకరి కుడిపార్శ్వము మఱియొకరి యెడమపార్శ్వమును మించిపోయెను. లాంకాస్టరు పక్షమువాడైన ఆక్స్‌ఫర్డ్ ప్రభువు తన యెదుటివారిని తఱిమికొట్టి, తిరిగి రణరంగమునకు వచ్చునప్పటికి యుద్ధపంక్తి దిశ మారియుండెను. అతని భటుల చిహ్నము కిరణములు గల నక్షత్రము. ఎడ్వర్డు చిహ్నము కిరణములు గల సూర్యుడు. మంచులో నక్షత్రమును చూచి సూర్యుడని భ్రమించి స్వపక్షమువారే వారిపై బాణములు వేసిరి. “ద్రోహము, ద్రోహము” అను కేకలు చెలరేగెను. సేన చెదరెను, వార్విక్ ప్రభువు హతుడయ్యెను.

ఈ పరాజయమునకు మంచే కారణమని చెప్పి ఊరకొనుట సులభము. కాని చిహ్నము పొరపాటున గుర్తింపబడినంత మాత్రమున ‘ద్రోహము’ అను మాటయే ఏల మొదట నోటికి రావలెను? లాంకాస్టరు సేనకు నాయకుడైన వార్విక్ ప్రభువు 1461లో ఇదే ఎడ్వర్డును సింహాసనమెక్కించినవాడు. 1470లో పక్షము మార్చినవాడు. నిన్నటి శత్రువులు నేటి మిత్రులై నిలిచిన సేన యది. ఆ సేనలో అపనమ్మకము మంచుకంటె ముందే యున్నది. మంచు దానికి అవకాశము మాత్రమే కల్పించినది. ఆ మంచు బంగే యను సన్న్యాసి మంత్రబలమున పుట్టినదని లోకులు చెప్పుకొనిరట. ఫాబియన్ అను వృత్తాంతకారుడు ఈ వదంతిని పేర్కొని, దానిని గూర్చి వ్రాయుట తన కిష్టము లేదని విడిచిపెట్టినాడు. ఆ సంయమనము నేటి పరిశోధకులకును ఆదర్శప్రాయము.

ఓడినవారు మంచును నిందింతురు; గట్టెక్కినవారు దానిని దైవానుగ్రహమందురు. 1776 ఆగస్టు 29వ తేదీ రాత్రి జార్జి వాషింగ్టను బ్రూక్లిన్‌లో చిక్కువడిన సుమారు 9,000 మంది సైనికులను పడవలపై నది దాటించుచుండెను. తెల్లవాఱినను ఇంకను కొందఱు ఆవలనే మిగిలియుండగా, మంచు క్రమ్మి వారిని బ్రిటిషు సేన కంటబడకుండ కాపాడెను. ఆ సేనలోనివాడైన బెంజమిన్ టాల్‌మాడ్జ్ దీనిని దైవకృపగా తన స్మృతులలో వర్ణించినాడు. అతని విశ్వాసమును మనము శంకింపనక్కఱలేదు. కాని రాత్రియంతయు తెడ్లు వేసినవారు మార్బుల్‌హెడ్ రేవునకు చెందిన సముద్రజీవులు. మంచు వచ్చుటకు ముందే సేనలో అధికభాగమును దాటించినది వారి బాహుబలము. మంచును కీర్తించిన కథ వారిని మఱవరాదు.

ఇక సాహిత్యమున మంచునకు రాజధాని లండను నగరమే. 1852-53 సంవత్సరములలో వెలువడిన ‘బ్లీక్ హౌస్’ నవల ప్రారంభమున డికెన్సు మంచును నగరమంతట వ్యాపింపజేసి, తుదకు దానిని చాన్సరీ న్యాయస్థానము నడుమ నిలిపినాడు. వ్యాజ్యములు తెగని న్యాయవ్యవస్థకు అది ప్రతీక. కానన్ డాయిల్ కథలలో అదియే నేరస్థులకు చాటు. 1927లో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘ది లాడ్జర్’ చిత్రమునకు ‘లండను మంచు కథ’ అనునది ఉపశీర్షిక. చిత్రకారుడగు మొనే ఆ మంచుకొఱకే లండనునకు పోయి థేమ్సు నదిని చిత్రించినాడు. ఇట్లు కళలు ఆ మంచును నగరమునకు సహజాలంకారముగా లోకమునకు పరిచయము చేసినవి.

అది సహజము కాదు. ఇండ్ల పొయ్యిలలోను, కర్మాగారములలోను కాలిన బొగ్గుపొగ దానియందు సగపాలు. 1905లో దే వో అను వైద్యుడు పొగను, మంచును తెలుపు రెండు ఆంగ్లపదములను అతికి ‘స్మాగ్’ అను మాటను ప్రచారమునకు తెచ్చెను. మన ‘పొగమంచు’లో ఉపమానమైన పొగ అచట కఠినసత్యమైనది. 1952 డిసెంబరు 5 నుండి 9 వఱకు గాలి కదలక ఆ పొగ నగరముపై నిలిచిపోయెను. శాడ్లర్స్ వెల్స్ నాటకశాలలోనికి మంచు చొచ్చి, గీతనాటక ప్రదర్శన నడుమనే ఆగిపోయెను. సుమారు 4,000 మంది మరణించిరని మొదట లెక్కించిరి. తరువాతి నెలల మరణాధిక్యమును ప్రభుత్వము ఇన్‌ఫ్లుయెంజాకు అంటగట్టెను. ఇటీవలి పరిశోధకులు ఆ గణనను సవరించి మొత్తము 12,000 వఱకు ఉండవచ్చునని తేల్చిరి. 1956లో గాని స్వచ్ఛవాయు శాసనము రాలేదు. డికెన్సు నవలకును ఈ ఘోరమునకును నడుమ నూఱేండ్లు. కారణమును ‘మంచు’ అని పిలిచినంతకాలము దోషి యెవడును లేడు. ‘పొగ’ అని పిలిచిననాడు శాసనము పుట్టినది.

మంచు పేరనే శాసనము పుట్టిన సందర్భమును కలదు. 1941 డిసెంబరు 7వ తేదీన హిట్లరు ప్రభుత్వము ‘రాత్రియు మంచును’ అను పేరు గల ఉత్తర్వును వెలువరించెను. ఆక్రమిత దేశములలో తమ్మెదిరించినవారిని రహస్యముగా జర్మనీకి తరలించుట, వారి బంధువులకు ఏ వార్తయు తెలుపకుండుట దాని విధానము. మనుష్యుని మరణముకంటె అతని జాడ తెలియకుండుటయే ఎక్కువ భయము గొలుపునని దాని యూహ. 1956లో విడుదలైన అలాఁ రెనే డాక్యుమెంటరీ చిత్రము ఆ పేరునే ధరించినది. దాని వ్యాఖ్యానమును రచించిన ఝాఁ కేరోల్ ఆ ఉత్తర్వు ననుసరించి బందీయై బ్రతికి బయటపడినవాడు. అయినను, యూదులను నిర్బంధించిన శిబిరమున ఒక ఫ్రెంచి రక్షకభటుడు కావలియున్న ఛాయాచిత్రము అందు రాగా, పరిశీలకులు అభ్యంతరము తెలిపిరి; అతని టోపీ కనబడకుండ కప్పవలసివచ్చెను. మంచును తొలగింపబూనిన చిత్రమునకే ఒక మంచుతెర తప్పలేదు. తరువాతి కాలమున ఆ టోపీ మరల బయటపడినది.

పై యుదాహరణములనుండి మనము గ్రహింపదగిన దొక్కటి. మంచు అజ్ఞానమునకు కారణము కావచ్చును. బాధ్యతకు సమాధానము కాజాలదు. నేడు శీతకాలమున ఢిల్లీ పరిసరములను కప్పు తెరను గూర్చి వ్రాయునప్పుడును మనము ‘పొగమంచు’ అనియే వ్రాయుచున్నాము. అందు పొగ యెంత, మంచు యెంత, ఆ పొగ యెవరిది అని విడదీసి చెప్పుట భాషాభిమానులకును చరిత్రాధ్యయనపరులకును సమానమైన విధి. యమునానదిపై ఒకనాడు క్రమ్మిన మంచునకు కర్త యెవడో వ్యాసుడు తన జన్మవృత్తాంతముననే నిర్మొగమాటముగా చెప్పినాడు. ఇతిహాసమన నట్లుండవలెను.