తల్లి లాలాజలం చెప్పిన సంగతి

1943లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేస్తున్న పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశారు. ఆటిజం చరిత్ర సాధారణంగా అక్కడే మొదలుపెడతారు. ఇది పుట్టుకతో వచ్చినదని ఆయన అందులోనే అన్నారు. ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత అంతగా కనపడలేదనీ అన్నారు. లోకం ఈ రెండో మాటనే పట్టుకుంది. 1949లో కానరే, తల్లిదండ్రులు ఆ పిల్లలను ఫ్రిజ్‌లో పెట్టి పెంచినట్టు రాయడంతో నింద మరింత ముదిరింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఇంకో అడుగు వేసి, తాను స్వయంగా అనుభవించిన నాజీ శిబిరాల ఖైదీలతో ఆ పిల్లలను పోల్చారు. ఆ పోలికలో కాపలా సైనికుడి పాత్ర ఎవరికి దక్కిందో వేరే చెప్పాలా?

ఇంతకాలమూ ఆ నింద మోసిన తల్లి ఒంట్లో ఏం జరుగుతోందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఒత్తిడికి శరీరం ఎలా స్పందిస్తుందో శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లోనే ఎలుకల మీద చూపించారు కదా!

నిందకు గట్టిగా ఎదురు నిలిచినవారు బెర్నార్డ్ రిమ్‌లాండ్. మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి. 1964లో వచ్చిన ఆయన పుస్తకానికి కానరే ముందుమాట రాశారు. 1977లో 21 జతల కవలలపై ఫోల్‌స్టీన్, రటర్ చేసిన పరిశోధన వంశపారంపర్యం వైపు వేలు చూపించింది.

తల్లుల శరీరం వైపు చూపు మళ్లడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 2010లో విస్కాన్సిన్ పరిశోధకులు మార్షా సెల్ట్‌జర్, జాన్ గ్రీన్‌బర్గ్ తదితరులు, ఆటిజంతో ఉన్న యువతీయువకుల తల్లులను ఎనిమిది రోజులపాటు రోజూ పలకరించి ఆనాటి సంగతులు రాసుకున్నారు. తల్లులు నిద్ర లేవగానే, ఆ తర్వాత అరగంటకు, మధ్యాహ్న భోజనానికి ముందు, పడుకోబోయేముందు లాలాజలం తీసి ఇచ్చారు. అందులో కొలిచిన ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ మామూలుగా నిద్ర లేచిన అరగంటకు ఎగసి, రాత్రికి దిగుతుంది. ఒత్తిడి ఎక్కువైతే అది పెరుగుతుందనే కదా అనుకుంటాం! వీళ్లలో మాత్రం మిగతా తల్లులకన్నా రోజంతా తక్కువగా ఉంది. దీర్ఘకాలం కష్టపడిన శరీరాల్లో, యుద్ధం చూసిన సైనికుల్లో ఇలాంటిదే కనిపించిందని పరిశోధకులు గుర్తుచేశారు. అన్ని పరిశోధనల్లోనూ ఇదే ఫలితం రాలేదు, నిజమే. కానీ ఉదయపు ఎగసిపాటు ముందురోజు పిల్లలు పెట్టిన గొడవతో పాటు, వాళ్ల పాత గొడవల చరిత్రను బట్టి కూడా మారుతోందన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది.

అదే బృందం ఆ రోజువారీ సంభాషణల్లో ఇంకొకటి గమనించింది. అలసట, వాదులాట ఈ తల్లులకే ఎక్కువ. అయినా ఆత్మీయంగా గడిపిన ఘడియలు, ఇతరులకు చేసిన సాయం మిగతా తల్లులతో సమానంగానే ఉన్నాయి.