విలేఖరి చదువుకి ఖరీదెంత?

పిల్ల డాక్టరీ చదువుతోందంటే ఎవరూ లెక్కలడగరు. ఇంజనీరింగన్నా అంతే. "జర్నలిజం" అన్నామో, పేరంటానికొచ్చిన పిన్నిగారు కూడా తాంబూలం అందుకుంటూనే "దానికెంతవుతుందమ్మా, తర్వాత ఏపాటి వస్తుంది?" అని అడిగేస్తారు. అడగడంలో తప్పేమీ లేదు లెండి. ఆ చదువు పుట్టిన అమెరికాలోనే ఈ ప్రశ్న నూరేళ్లు దాటినా ఇంకా తెగలేదు. చిత్రమేమిటంటే, ఆ చదువుకోసం ఆస్తి రాసిచ్చిన పెద్దమనిషే తన కాలేజీలో వ్యాపారపు ఊసు ఎత్తనే ఎత్తవద్దన్నాడు.

ఆయన పేరు జోసెఫ్ పులిట్జర్. 1847లో హంగరీలో పుట్టి, 1864లో సైన్యంలో చేరడానికి అమెరికా వెళ్లాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం, చేతిలో చిల్లిగవ్వ లేదు. కాలేజీ గుమ్మమైనా తొక్కలేదు. పత్రికలో పనిచేస్తూనే పని నేర్చుకున్నాడు. 1878లో సెయింట్ లూయిస్‌లో వేలానికొచ్చిన పత్రికని 2,500 డాలర్లకి పాడుకున్నాడు. అయిదేళ్లు తిరిగేసరికల్లా న్యూయార్క్‌లో 'వరల్డ్' పత్రిక కొనేశాడు.

ఆ 'వరల్డ్'కి ఎక్కడలేని పేరు తెచ్చిపెట్టినవాళ్లలో ఒకావిడ నెల్లీ బ్లై. అసలు పేరు ఎలిజబెత్ కాక్రన్. తండ్రి పోయాక సంసారం చితికింది. టీచరు కావాలని పెన్సిల్వేనియాలో ఒక స్కూల్లో చేరిందిగాని, ఫీజుకి డబ్బు చాలక ఒక్క టర్ముతోనే ఇంటికొచ్చేసింది. ఆడవాళ్లకి ఇల్లే చోటని పిట్స్‌బర్గ్ పత్రికలో ఎవరో రాస్తే, 1885లో ఒళ్లుమండి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం చూసే ఎడిటర్ పిలిచి ఉద్యోగమిచ్చాడు. 1887లో 'వరల్డ్'లో చేరి, పిచ్చిదానిలా నటించి న్యూయార్క్ పిచ్చాసుపత్రిలో పది రోజులుండి, లోపల రోగుల్ని పెట్టే బాధలన్నీ బయటపెట్టింది. 1889లో బయల్దేరి 72 రోజుల్లో భూమి చుట్టివచ్చింది. ఈ పనులకి ఏ డిగ్రీ అడిగారు? నేర్చుకునే రోజుల్లో కూడా పత్రికే ఎంతో కొంత ఇచ్చేది. రాసింది కాలమ్ కొలిచి డబ్బు ముట్టజెప్పే పద్ధతి కూడా ఉండేది. ఆ డబ్బుతో కడుపు నిండకపోవచ్చుగాని, నేర్చుకున్నందుకు అప్పు పడేది మాత్రం కాదు. నేర్పే ఖర్చు పత్రికది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, తర్వాత కథంతా ఇది తిరగబడిన కథే.

నెల్లీ బ్లైని పెట్టుకున్న ఆ యజమానికే 1892లో పత్రికారచనకి కాలేజీ పెట్టాలనిపించింది. కొలంబియా వాళ్లు అప్పట్లో వద్దన్నారు. "విలేఖరి పుడతాడు గాని తయారవడు" అనేవాళ్లందరికీ ఆయన 1904లో ఒక పెద్ద వ్యాసంలో జవాబు చెప్పాడు. పుట్టుకతోనే వచ్చేసే ఉద్యోగం మూర్ఖుడిది ఒక్కటే అన్న ధోరణిలో వాళ్లని ఎద్దేవా చేశాడు. వైద్యుడికీ లాయరుకీ కాలేజీ ఉన్నప్పుడు, దేశాన్ని మేలుకొలిపేవాడికి ఎందుకుండకూడదన్నది ఆయన వాదన. హార్వర్డ్ అధ్యక్షుడు ఎలియట్ ప్రకటనలూ చందాదార్లూ వగైరా వ్యాపారం కూడా నేర్పాలంటే, పులిట్జర్ ససేమిరా అన్నాడు. విలేఖరిది ధర్మమే గాని దుకాణం కాదన్నాడు. మొత్తం 20 లక్షల డాలర్లు రాసిచ్చి 1911లో పోయాడు. ఆ మరుసటేడు కొలంబియాలో కాలేజీ తెరిచారు. పెద్ద మనసే, కాదనం. కాని ఇంటి జమాఖర్చు చూసుకునేవాళ్లకి ఇక్కడే కాస్త అనుమానం తగులుతుంది. బోలెడు సంపాదించినవాడు డబ్బు ముచ్చట వద్దనగలడు, ఫీజు కట్టేవాడు అనగలడా?

కొలంబియాకంటే ముందే, 1908లో, మిస్సోరి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వాల్టర్ విలియమ్స్ జర్నలిజం స్కూలు పెట్టాడు. ఆయనా కాలేజీలో చదువుకున్నవాడు కాదు! స్కూలు తెరిచిన రోజునే పిల్లలచేత నిజమైన దినపత్రిక వేయించాడు. అక్కడ 1910లో పట్టా పుచ్చుకున్న మేరీ పాక్స్టన్ ఆ స్కూల్లో మొదటి మహిళా పట్టభద్రురాలు. తర్వాత కాన్సాస్ సిటీలో తొలి మహిళా రిపోర్టరయింది.

డిగ్రీని అప్పుతో తూచే వాళ్లు ఇక్కడొక సంగతి మర్చిపోతారు. మగపిల్లాడు పత్రికాఫీసులో ప్రూఫులు మోసుకుంటూ, టీలు తెస్తూ ఏదోలా పని పట్టేసేవాడు. ఆడపిల్ల ఆ దారిన ఎలా వెళ్తుంది? "రాత్రి డ్యూటీలమ్మా, మీకు కుదరదు" అనే మాట మనకి తెలియనిది కాదు. నెల్లీ బ్లైలాంటి మొండిఘటం నూటికొకరు. తక్కిన తొంభైతొమ్మిదిమందికీ కాలేజీ సీటే పత్రికాఫీసు గుమ్మం. కనుక ఆ డిగ్రీ ఖరీదు కట్టేటప్పుడు ఆడపిల్ల తరఫున ఒక పద్దు అదనంగా రాయాలి.

మిస్సోరిలో స్కూలు పెట్టిన ఆ 1908లోనే, బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికని వారపత్రికగా మొదలెట్టారు. 1914 నుంచి మద్రాసులో అది దినపత్రిక. పంతులుగారికి అండ అమృతాంజనం. పాఠకుల తలనొప్పి పోగొట్టిన డబ్బుతోనే పత్రిక తలనొప్పులు పడ్డారన్నమాట. ఆ బల్లల దగ్గర కూర్చునే మనవాళ్లు పని నేర్చారు. నేర్పే ఖర్చు ఇక్కడా పత్రికదే. జర్నలిజం శాఖ ఉస్మానియాలో 1954లో వచ్చింది. తొలి రోజుల్లో దాన్ని నడిపిన డి ఫారెస్ట్ ఓడెల్ అమెరికా ఆచార్యుడే, అక్కడి జర్నలిజం చదువుల చరిత్ర రాసినవాడు. తర్వాత్తర్వాత ఈనాడువంటి పత్రికలు సొంత స్కూళ్లు పెట్టి, శిక్షణకాలంలో నెలనెలా భృతి ఇచ్చే పద్ధతి తెచ్చాయి. ఆ భృతికి బదులుగా ఇన్నాళ్లు మా దగ్గరే పనిచెయ్యాలని షరతులూ పెట్టాయనుకోండి. అయినా పిల్ల చదువుకి పుస్తెలతాడు తాకట్టు పెట్టక్కర్లేదు కదా.

అమెరికాలో మాత్రం బండి ఎదురు తిరిగింది. 1935లో కొలంబియా తన కోర్సుని డిగ్రీ అయినవాళ్లకే పరిమితం చేసింది. అంటే నాలుగేళ్ల ఖర్చుమీద ఇంకో ఏడాది ఖర్చు. 1965లో విద్యార్థుల అప్పులకి ప్రభుత్వం హామీ ఉండే చట్టం వచ్చింది. 2006 నుంచి పైచదువులకి, కాలేజీ చెప్పిన ఖర్చు ఎంతయితే అంతా అప్పివ్వడం మొదలెట్టారు. అప్పు పుడుతుందని తెలిశాక ఏ కాలేజీ మాత్రం ఫీజు తగ్గిస్తుంది చెప్పండి? ఇప్పుడు కొలంబియాలో ఆ ఏడాది కోర్సుకి, తిండీ అద్దే కలుపుకుంటే, లక్ష డాలర్లు దాటుతుంది.

ఇక రాబడి. 2008లో అమెరికా దినపత్రికల సంపాదక విభాగాల్లో సుమారు 71 వేలమంది ఉండేవారు. 2020కి 31 వేలమంది మిగిలారు. వరుడు కావలెను, ఇల్లు అద్దెకివ్వబడును లాంటి చిన్న ప్రకటనలన్నీ ఇంటర్నెట్‌కి తరలిపోయాయి. వాటి డబ్బుతోనే కదా విలేఖరుల జీతాలు నడిచింది! 2023లో అక్కడి విలేఖరుల్ని జీతం వరసన నిలబెడితే, సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడి సంపాదన ఏడాదికి సుమారు 57 వేల డాలర్లు. కొత్తగా చేరిన పిల్లకి అంతకూడా రాదు.

ఒక్కసారి వేళ్లమీద లెక్కెయ్యండి. లక్ష డాలర్ల అప్పు, నూటికి ఏడాదికి తొమ్మిది వడ్డీ, పదేళ్ల గడువు. నెలకి దాదాపు 1,270 డాలర్లు కట్టాలి. ఆ మధ్యవాడి జీతంలో, పన్నులు పోకముందే, నాలుగోవంతు పైచిలుకు వడ్డీకీ అసలుకీ పోతుంది. పన్నులు పోయి, న్యూయార్క్ అద్దె పోయాక ఉప్పూ పప్పూ ఎక్కణ్ణించి వస్తాయో ఆ ఇంటావిడే చెప్పాలి. అందుకే చాలామంది కంపెనీల ప్రచారశాఖల్లో చేరిపోతారు. ఇంటిని చూసి తప్పుపట్టలేం, కాని పులిట్జర్ 20 లక్షలిచ్చింది అందుకు కాదు. కంపెనీ చెప్పింది కాగితం మీద పెట్టడానికి లక్ష డాలర్ల చదువెందుకు? మన పిల్లలకైతే అక్కడి ప్రభుత్వపు అప్పు కూడా దొరకదు. ఇక్కడి బ్యాంకులో ఇల్లు తనఖా పెట్టి, రూపాయల్లో అప్పుచేసి డాలర్లలో కట్టాలి.

2025లో అమెరికా ఈ అప్పులకి గట్టి కట్టడి తెచ్చింది. 2026 జూలై నుంచి కొత్తగా చేరేవాళ్లకి ఆ 2006 నాటి పద్ధతి ఉండదు. వృత్తివిద్య చదివేవాళ్లకి ఏడాదికి 50 వేల డాలర్లదాకా, తక్కినవాళ్లకి 20,500 మాత్రమే. వృత్తివిద్యకి వాళ్లు ఆధారం చేసుకున్న పాత నిర్వచనంలో వైద్యులున్నారు, లాయర్లున్నారు, పశువైద్యులున్నారు, చర్చిలో బోధించేవాళ్లున్నారు. వైద్యుడి సరసన, లాయరు సరసన విలేఖరిని కూర్చోబెట్టాలని పులిట్జర్ పోరిన పోరంతా ఏమయిందో గాని, ఆ జాబితాలో జర్నలిజం లేదు. మిగతా 80 వేల డాలర్లూ ఎక్కడ తెచ్చుకోవాలో ఇక పిల్లా, పిల్ల తల్లిదండ్రులూ, వాళ్ల ప్రైవేటు బ్యాంకూ చూసుకోవాలి.