తప్పు పేరుతో భద్రపడిన జెర్రి: మ్యూజియం నమూనాల పునఃపరిశీలన

స్కోలోపెండ్రా కాటరాక్టా అనే జెర్రిని కొత్త జాతిగా 2016లో జూకీస్ పత్రికలో వర్ణించారు. వర్ణించినవారు వారుత్ సిరివుత్, గ్రెగొరీ ఎడ్జ్‌కోంబ్, వారి సహచరులు. లావోస్‌లో జలపాతాల దగ్గర దొరికిన జెర్రులను పరీక్షించి, డీఎన్‌ఏ పోల్చి చూశాక ఇది వేరే జాతి అని తేలింది. అయితే 1928లో వియత్నాంలో సేకరించిన ఇదే జాతి జెర్రి అప్పటికే లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. సర్వసాధారణమైన మరో జాతిగా పొరబడి దానికి ఆ పేరే పెట్టారు.

ఈ పొరపాటు అజాగ్రత్త వల్లే జరిగిందనుకోవడం అన్యాయం. స్కోలోపెండ్రా ప్రజాతిలో దాదాపు అన్ని జాతులకూ 21 జతల కాళ్లే. విషపు కొక్కేల మొదట్లో ఉండే పళ్ల వరుస, వీపు పలకల మీది గీతలు, స్పర్శశృంగాల మొదట్లో నూగు లేని కణుపులు, చివరి జత కాళ్ల మీది ముళ్లు: జాతిని నిర్ణయించేది ఇలాంటి సూక్ష్మ లక్షణాలే. వీటిలోనూ చిక్కుంది. జెర్రి కాలు తెగితే మళ్లీ మొలుస్తుంది, కానీ కొత్త కాలి మీది ముళ్లు మునుపటిలాగే ఉండాలని లేదు. పైగా ఏళ్ల తరబడి ఆల్కహాల్‌లో నానిన దేహానికి రంగు నిలవదు. కాబట్టి ఒక్క నమూనాను, ఒక్క లక్షణాన్ని నమ్ముకుని చేసిన నిర్ణయం ఎప్పటికైనా పునఃపరిశీలనకు రావలసిందే.

సీసాలో ఎంత వెతికినా కనబడనిది జీవి నడవడి. 2001లో థాయ్‌లాండ్‌లో ఒక వాగు పక్కన కీటక శాస్త్రవేత్త జార్జ్ బెక్కలోనీ రాయి ఎత్తగా, దాని కింది జెర్రి (ఇదీ కాటరాక్టా జాతిదే) అడవివైపు పోకుండా నీళ్లలోకి దూకింది. పట్టి నీళ్లున్న పాత్రలో వేస్తే అడుగుకు దిగి, నేల మీద పరిగెత్తినంత సులువుగా తిరిగింది. బయటికి తీయగానే ఒంటి మీది నీరు జారిపోయి పొడిగా కనిపించింది. నీళ్లలో ఈదే జెర్రి అన్న సంగతి సీసాలోని దేహం చెప్పదు. సేకరించిన చోటు వాగా, పొలమా, ఎండుటాకుల కుప్పా అన్నది నమూనా చీటీ మీద రాసిపెట్టడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన దక్కను జెర్రుల అధ్యయనంలోనూ ఇలాంటి మరమ్మతు అవసరమైంది. దక్కనులోని స్కోలోపెండ్రిడ్ల (స్కోలోపెండ్రా కుటుంబపు జెర్రుల) మీద జంగీ, దాస్ 1984లో విస్తృతమైన అధ్యయనం ప్రచురించారు. అందులో ఉన్న డిజిటిపెస్ ప్రజాతిని జాహ్నవి జోషి, ఎడ్జ్‌కోంబ్ 2013లో స్వరూప లక్షణాలు, డీఎన్‌ఏ కలిపి సమీక్షించారు. ఈ ప్రజాతికి గుర్తు మగజెర్రి చివరి కాలి తొడభాగం మీది చిన్న మొలక. ఆడవాటికి అది ఉండదు కనుక, ఆడ నమూనా ఒక్కటే చేతికొస్తే ఎంతటి నిపుణుడైనా తడబడతాడు. జాహ్నవి జోషి ప్రస్తుతం హైదరాబాద్ సీసీఎంబీలో జెర్రుల పరిణామంపై పరిశోధిస్తున్నారు.

నా దృష్టిలో చీటీ మీది పేరు ఆనాటి నిపుణుడి అభిప్రాయం మాత్రమే. దాన్ని తేల్చే సాక్ష్యం సీసాలోని దేహం. మన కళాశాలల జంతుశాస్త్ర విభాగాలు పాత నమూనాలను పారేయకూడదు. ఆల్కహాల్ తగ్గితే నింపండి. కొత్తగా గుర్తించినప్పుడు పాత చీటీని ఉంచి, పేరు, సంవత్సరంతో రెండో చీటీ జతచేయండి.