గడి నీడలో మొలిచిన కొత్త బతుకు

రామన్నపేట 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆదివారం కూడికల్లో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు దాదాపు ఒకే వరసలో మాట్లాడతారు: అప్పుడు నేనిట్లుంటి, ప్రభువు నన్ను మార్చిండు, ఇప్పుడిట్లున్న. ఒక మనిషి తన గురించి చెప్పుకునే ఆ మూడు ముక్కల వెనక ఈ ఎగువ నేలలో నూట ముప్పై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. దాన్ని తెల్లదొరలైన మిషనరీల కథగా చెప్పడం మనకు అలవాటైంది. నా దృష్టిలో అది ప్రధానంగా దళిత వాడల మనుషుల కథ.

ఆ కథ కోస్తాలో మొదలైంది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడ్డా పాతికేళ్ల పాటు వాళ్ల పని పెద్దగా సాగలేదు. దాన్ని మలుపు తిప్పినవాడు తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ల బేరానికి ఊళ్లు తిరుగుతూ యేసు మాట విన్నాడు. అంతకుముందే గురువును ఆశ్రయించి యోగం అభ్యసించినవాడు. పోతులూరి వీరబ్రహ్మం మాటలు మాదిగవాడల్లో వినిపిస్తున్న రోజులవి. ఆకలి తీరడానికే మతం మారారు అనేవాళ్లు పేరయ్య బతుకును ఒకసారి చూడాలి. ఆయనది అన్నం ఆకలి కాదు. 1866లో బాప్తిస్మం పొందాక ఊరూరా తిరిగి తనవాళ్లకు తానే బోధించాడు.

సంఘంలో చేరేవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవే. కానీ మాదిగ ఆదివారం పనికి రానంటే వెట్టి ఆగుతుంది. జాతరకు డప్పు కొట్టనంటే ఊరి కట్టుబాటు తెగుతుంది. చచ్చిన గొడ్డు తిననంటే, నీకు రాసిపెట్టింది ఇదే అన్న లెక్కను కాదన్నట్టు. అందుకే దెబ్బలు పడ్డాయి, బావులు మూసుకున్నాయి, పనులు పోయాయి. మారుమనస్సు లోపల జరిగేదే. అయితే ఇక్కడ దాని మొదటి గుర్తు ఒంటి మీద తగిలిన దెబ్బ. ఆత్మీయ ఎదుగుదల గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా, ఆ మొదటి తరం ఆదివారం పూట వెట్టికి పోకుండా ఇంట్లో కూర్చోవడానికి కూడగట్టుకున్న ధైర్యమంత గట్టి పాఠం నాకు కనిపించదు.

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి పని కల్పించాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ పనులు ముగిసేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది నీళ్లలో మునిగి లేచారు. ఆ రోజు బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా ఇచ్చారు.

ఆ అల నైజాం రాజ్యంలోకి వచ్చింది. 1885లో పాలమూరులో ఎల్బర్ట్ చ్యూట్ మిషను కేంద్రం పెట్టాడు. నల్లగొండకు వచ్చిన దంపతులు వేరే నేలవాళ్లు. రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ నేలలో పుట్టిన మెన్నోనైట్ బ్రదరెన్ విశ్వాసి అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మారియా. ఆయన హాంబర్గులో వేదాంతం చదివాక, ఇద్దరూ అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టారు. వాళ్ల వెనక వచ్చినవాళ్లు సూర్యాపేటకూ, జనగాంకూ పోయారు. అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి వైపు పని పరిచాయి. మొదటి ప్రపంచ యుద్ధం, రష్యా విప్లవం వచ్చి అక్కడి చందాలు తెగిపోయినా ఇక్కడి సంఘాలు చెదరలేదు. వాటిని నిలబెట్టిన కాళ్లు ఈ నేలవే.

ఆ కాళ్లెవరివో చెప్పాలి. వాడలో గుడిసె బడి నడిపి పగలు పిల్లలకు అక్షరాలు నేర్పి, రాత్రి పెద్దలకు వాక్యం చదివి వినిపించిన పంతులు. ఇంటింటికీ తిరిగి, వడ్లు దంచే ఆడవాళ్ల పక్కన కూర్చుని వాక్యమూ పాటలూ నేర్పిన బైబిలు స్త్రీ. అక్షరం రాని ఆడమనిషి కూడా కీర్తనలు నోటికి పట్టింది, వాటిని ప్రార్థన చేసుకుంది. బైబిలు 1854 నాటికే తెలుగులో పూర్తిగా వచ్చింది. దాన్ని మన వాడల్లోకి మోసుకొచ్చింది వీళ్లు. మిషను చరిత్రల్లో దొరసానుల ఫోటోలుంటాయి, వీళ్ల పేర్లు అరుదు. ఇది నన్ను బాధించే విషయం.

వైద్యం కూడా ఈ విశ్వాసంతోనే వచ్చింది. డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, శంషాబాదులో రోగులను చూసి, 1945లో ఇక్కడే కన్నుమూసింది. 1952లో జడ్చర్లలో మెన్నోనైట్ బ్రదరెన్ ఆస్పత్రి వెలిసింది.

ఈ దశాబ్దాల మధ్యలోనే నల్లగొండ భగ్గుమంది. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ సమావేశం, తర్వాత సాయుధ పోరాటం. వెట్టి ఇక చెయ్యం అన్న మాటే అప్పుడు ఎర్రజెండా కింద వినిపించింది. ఒకరు దేవుని బిడ్డనన్నారు, ఒకరు కష్టజీవినన్నారు. గడిలోని దొర ముందు తల వంచని మనిషిని తయారు చేయడంలో ఇద్దరి శ్రమా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ కొత్త బతుకుకు చట్టం ఒక కొత్త వెల కట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1970లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లను బీసీ-సిలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. బాప్తిస్మం తీసుకున్నా వాడ మారలేదు, అంటరానితనం పోలేదు. కాగితం మీద మాత్రం కులం మారింది. అందుకే చాలామందికి సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘంలో మరో పేరు. తన విశ్వాసాన్ని ఊరంతా వినేలా సాక్ష్యం చెప్పే మనిషి తహసీల్దారు ముందు దాన్ని దాచుకోవాల్సి రావడం అన్యాయం. ఈ ప్రశ్న మీద 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. పేరయ్య నాడు మొదలుపెట్టిన లెక్కలో ఇంకా తేలనిది ఇదొకటి.